చంద్రపూర్ ఎండకు, బొగ్గు దుమ్ముకు కారు ఫిల్మ్ ఎన్నేళ్లు ఆగుతుంది?

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో బల్లార్‌పూర్, రాజురా, ఘుగ్గుస్ రోడ్ల మీద తిరిగే కారు అద్దాలకు సన్ ఫిల్మ్ వేయిస్తే, రంగు వెలిసేలోపే గీతలు పడతాయి. ఫిల్మ్ అద్దానికి లోపలి వైపు ఉంటుంది కదా, బయటి దుమ్ము దాన్నేం చేస్తుందిలే అనుకుంటారు చాలామంది. కానీ అద్దం తలుపులోకి దిగేచోట లోపల ఒకటి, బయట ఒకటి మెత్తటి పట్టీలు ఉంటాయి. గనుల లారీల వెనక లేచే బొగ్గు నుసి, థర్మల్ కేంద్రం బూడిద వాటిలో దూరి పేరుకుంటాయి. అద్దం దించి ఎత్తిన ప్రతిసారీ లోపలి పట్టీ గరుకు కాగితంలా ఫిల్మ్‌ను రుద్దుతుంది. నిలువుగా కనిపించే సన్నటి గీతలన్నీ అలా పడ్డవే. అవి పోవు, పాలిష్‌తో మాయవు. కంపెనీల వారంటీ కూడా సాధారణంగా గీతలకు వర్తించదు.

అందుకే వారానికోసారి అద్దం పూర్తిగా దించి, వాక్యూమ్ సన్న మూతిని ఆ పట్టీల పొడవునా రెండుసార్లు నడపండి. వాక్యూమ్ లేకపోతే పొడి టూత్‌బ్రష్‌తో నుసిని బయటికి దువ్వండి. అద్దం మీద తడి బురద ఉన్నప్పుడు మాత్రం దించకండి. ముందు కడిగి, ఆరాకే దించాలి.

ఇక ఏళ్ల సంగతి. రంగు అద్దిన చవక ఫిల్మ్ ఇక్కడ రెండు మూడేళ్లు. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండలో అతినీలలోహిత కిరణాలకు రంగు విరిగి ఊదాగా మారుతుంది. లోహపు పొర ఉన్నది ఐదేళ్ల దాకా వస్తుంది కానీ ఫోన్ సిగ్నల్‌ను, జీపీఎస్‌ను తగ్గిస్తుంది. ఫాస్టాగ్ ఉన్న చోట అది అసలు ఉండకూడదు. కార్బన్ ఫిల్మ్ ఐదు నుంచి ఏడేళ్లు, మంచి సిరామిక్ జాగ్రత్తగా చూసుకుంటే పదేళ్లు. వేడి తగ్గించడం రంగు ముదురును బట్టి ఉండదు. లేతగా కనిపించే సిరామిక్, నల్లటి చవక ఫిల్మ్ కన్నా ఎక్కువ వేడిని ఆపుతుంది. డబ్బు అక్కడ పెట్టడమే మేలు.

నలుపు ఎంత ఉండాలన్నది చట్టం చెబుతుంది. ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుగు రావాలి. 2012లో సుప్రీంకోర్టు ఫిల్మ్ అంటించడాన్నే నిషేధించింది. 2021 ఏప్రిల్ నుంచి సవరించిన నియమం ప్రమాణాలకు లోబడిన ఫిల్మ్‌కు చోటిచ్చింది. 2024లో కేరళ హైకోర్టు కూడా పరిమితుల్లో ఉన్న ఫిల్మ్‌కు జరిమానా వేయకూడదంది. అయినా రోడ్డు మీద ఆపే పోలీసుతో వాదన తప్పకపోవచ్చు, కాబట్టి వెలుగు శాతం రాసిన బిల్లును బండిలోనే ఉంచుకోండి. ఒక లెక్క మరిచిపోవద్దు: అద్దం 75 శాతం, ఫిల్మ్ 70 శాతం వెలుగు వదిలితే రెండూ కలిసి వదిలేది 52 శాతమే. 50 శాతం ఫిల్మ్ అని అంటించుకుంటే చేతికొచ్చేది 37.

వేయించడానికి అక్టోబరు–నవంబరు, లేదంటే ఫిబ్రవరి మంచివి. నడి ఎండాకాలంలో అంటించేటప్పుడు చల్లే సబ్బు నీళ్లు ముందే ఆరిపోయి, ఫిల్మ్‌ను సర్దేలోపే జిగురు పట్టేస్తుంది. జూలై, ఆగస్టుల్లో తేమ వల్ల ఫిల్మ్ కింది నీరు త్వరగా పోదు. మామూలు రోజుల్లో వారంలో ఆరేది వానల్లో నెల పడుతుంది. ఏ కాలమైనా నాలుగైదు రోజులు అద్దం దించకండి. అద్దాలు దించే బటన్ల మీద టేపు అంటించేస్తే పిల్లలు మరిచిపోయి నొక్కరు. నెల రోజులు లోపలి వైపు తుడవొద్దు. మొదటి వారాల్లో పాలలా మసక మచ్చలు, చిన్న నీటి బుడగలు కనిపిస్తే కంగారు పడకండి, సూదితో పొడవకండి. ఎండకు అవే పోతాయి.

తర్వాత తుడవడానికి లీటరు నీళ్లలో మూడు నాలుగు చుక్కల బేబీ షాంపూ చాలు. బోరు నీళ్లు తెల్ల మచ్చలు వదులుతాయి, ఆర్వో నీళ్లు వాడండి. నీళ్లను అద్దం మీద కాకుండా మైక్రోఫైబర్ గుడ్డ మీద చల్లాలి, లేకపోతే కారి తలుపు స్విచ్చుల్లోకి దిగుతాయి. ఒక గుడ్డతో తుడిచి, వెంటనే ఇంకో పొడి గుడ్డతో ఆరబెట్టండి. అమ్మోనియా ఉన్న నీలిరంగు గ్లాస్ క్లీనర్లు, థిన్నర్, గిన్నెల పీచు, పాత పేపర్లు వద్దేవద్దు. ఫిల్మ్ మీద స్టిక్కరు, గాలితో పట్టే దేవుడి బొమ్మ, ఎండ తెర ఏవీ అంటించకండి. తీసేటప్పుడు ఫిల్మ్ ముక్కతో సహా వస్తాయి.

ఏడాది దాటాక పెద్ద బుడగలు లేచాయంటే జిగురు చచ్చిపోయినట్టే. వేడి పెట్టి నొక్కినా వారంలో మళ్లీ లేస్తాయి. ఊదా రంగుకూ మందు లేదు. పై అంచు కాస్త లేస్తే మాత్రం, మొదటి వారాల్లో షాపుకు తీసుకెళ్తే సరిచేస్తారు. ఆలస్యమైతే ఆ సందులో దుమ్ము చేరి ఇక అతుక్కోదు.

తీసేయాల్సి వస్తే బట్టల స్టీమర్ అన్నిటికన్నా సులువు. ఒక మూల వేడి చేసి గోటితో లేపండి. ఆవిరిని ఊడే అంచుకు కాస్త ముందు నడుపుతూ, ఫిల్మ్‌ను అద్దానికి దగ్గరగా పట్టుకుని నెమ్మదిగా లాగండి. గుంజితే పై పొర ఒక్కటే ఊడి, జిగురు అద్దానికే ఉండిపోతుంది. మిగిలిన జిగురును సబ్బు నీళ్లతో నానబెట్టి ప్లాస్టిక్ బ్లేడుతో గీకండి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. వెనక అద్దానికి ఏ బ్లేడూ తగలకూడదు, వేడెక్కి పొగమంచు పోగొట్టే సన్నటి కరెంటు గీతలు తెగితే ఆ వరస పనిచేయదు. అక్కడ ఆవిరి, గుడ్డ, ఓపిక మాత్రమే. లాగడం కూడా ఆ గీతలు సాగే దిశలోనే.

కొత్త ఫిల్మ్ వేయించే ముందు పట్టీల నూగును వేలితో తడిమి చూడండి. గట్టిపడి, అరిగి ఉంటే ముందు వాటిని మార్పించండి, లేకపోతే పాత నుసి కొత్త ఫిల్మ్‌ను మొదటి నెలలోనే గీసేస్తుంది.