చైనీస్-ఇంగ్లిష్ నిఘంటువులో అర్థాలు ఎలా రాయాలి? స్లాష్ ఎక్కడ, సెమికోలన్ ఎక్కడ

నేను చెప్పేది సీసీ-సెడిక్ట్ అనే చైనీస్-ఇంగ్లిష్ నిఘంటువు గురించి. పాల్ డెనిసోవ్‌స్కీ 1997లో మొదలుపెట్టిన సెడిక్ట్‌కి ఇది కొనసాగింపు. ఉచితం, ఎవరైనా కొత్త పదం పంపొచ్చు, ఎడిటర్లు చూసి చేరుస్తారు. ఎవరైనా పంపొచ్చు అన్న దగ్గరే తలనొప్పి కూడా మొదలవుతుంది.

రాయడానికి నోట్‌ప్యాడ్ చాలు, ఫైల్‌ని యూటీఎఫ్-8లో (చైనీస్ అక్షరాలు చెడకుండా ఉంచే ఎన్‌కోడింగ్) సేవ్ చేయండి. ఎక్సెల్ జోలికి మాత్రం పోవద్దు.

పదానికి ఒకే లైన్. ముందు సంప్రదాయ లిపి, ఒక ఖాళీ, సరళ లిపి, ఇంకో ఖాళీ, చదరపు బ్రాకెట్లలో పిన్‌యిన్, అంటే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన చైనీస్ ఉచ్చారణ. స్వరాలకు, అంటే పలికేటప్పటి గొంతు ఎత్తుదింపులకు, అంకెలే: 1 నుంచి 4, తేలిక స్వరానికి 5. ఇంటిపేరైతే పిన్‌యిన్ పెద్ద అక్షరంతో మొదలవాలి, అదే అక్షరానికి మామూలు అర్థం ఉంటే దానికి వేరే లైన్. ఆ తర్వాత అర్థాలు, ముందొక స్లాష్, చివరొక స్లాష్ (చివరిదాన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ). క్రియ అయితే ఇంగ్లిష్‌లో 'టు' పెట్టాలి, ఫుల్‌స్టాప్ వద్దు.

ఇక అందరూ బోల్తాపడేది మధ్యలో వచ్చే స్లాషుల దగ్గర. నియమం చిన్నదే: అర్థం మారితే స్లాష్, అదే అర్థాన్ని ఇంకో మాటలో చెబితే సెమికోలన్. కానీ అర్థం ఎక్కడ మారిందో తేల్చడమే కష్టం.

మన 'కొట్టడం' తీసుకోండి. బంతిని కొడతాం, ఫోన్ కొడతాం, బస్సులో పర్సు కొట్టేస్తారు. చైనీస్ 'డా3' కూడా అచ్చం ఇలాంటిదే: మనిషిని కొట్టినా డా, ఫోన్ చేసినా డా, బాస్కెట్‌బాల్ ఆడినా డా, నీళ్లు తోడినా డా. దీనికి ఒకాయన '/టు బీట్/టు హిట్/టు స్ట్రైక్/' అని రాసి పంపాడు. చాలా యాప్‌లు స్లాష్ కనబడగానే 1, 2, 3 అని నంబర్లేస్తాయి, దాంతో నేర్చుకునే పిల్లాడు మూడు వేర్వేరు అర్థాలనుకుని కూర్చుంటాడు, పైగా ఫోన్ సంగతి అందులో లేనే లేదు. రాయాల్సింది ఇలా: '/టు బీట్; టు హిట్; టు స్ట్రైక్/టు మేక్ (ఎ ఫోన్ కాల్)/టు ప్లే (ఎ బాల్ గేమ్)/'.

అనుమానమొస్తే నేను చేసేది ఒకటే. ఒక చైనీస్ వాక్యం తీసుకుని, దాని ఇంగ్లిష్ అనువాదంలో మొదటి మాట తీసేసి రెండోది పెట్టి చూస్తాను. వాక్యం నిలబడితే సెమికోలన్, నవ్వొస్తే స్లాష్. కనీసం మూడు వాక్యాలతో చూడాలి, ఒక్కదానితో తేల్చేస్తే మోసపోతారు. కామాలతో నెట్టుకొచ్చేవాళ్లున్నారు, "చదివేవాడికి అర్థమవుతుందిలెండి" అంటారు. మనిషికి అర్థమవుతుంది, ప్రోగ్రామ్‌కి అవ్వదు కదా! ఇక ఒకే అర్థం కింద సెమికోలన్లతో చేర్చే మాటలు మూడు దాటకూడదు. ఎక్కడా రాసిలేదు, కానీ దాటకూడదు.

పాత ఎంట్రీలు చూసి నేర్చుకుందామనుకుంటే జాగ్రత్త, వాటిలో చాలావరకు అన్నింటికీ స్లాషులే ఉంటాయి. అలాంటిది కనబడితే సరిచేసి పంపండి.

ఇంకొకటి. ఉచ్చారణ మారితే స్లాషూ కాదు, సెమికోలనూ కాదు. అదే అక్షరాన్ని 'డా2' అని పలికితే డజను. కిరాణా కొట్టుకీ కొట్టడానికీ ఎంత చుట్టరికమో ఈ రెండింటికీ అంతే. దానికి కొత్త లైన్ తెరవండి.