కుళాయికి పైపు ఎక్కకపోతే సబ్బు నీళ్లు

కుళాయికి కొత్త రబ్బరు పైపు తొడగాలంటే అరచేతులు కందిపోయేవి, అయినా అంగుళం కూడా ఎక్కేది కాదు. ఇప్పుడు అరగ్లాసు గోరువెచ్చని నీళ్లలో నాలుగైదు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, పైపు లోపలి అంచుకీ, కుళాయి మూతికీ వేలితో పూస్తున్నాను. మెలితిప్పుతూ తోస్తే జర్రున రెండంగుళాలు ఎక్కేస్తుంది. తడి ఉన్నంతసేపే ఆ జారుడు. ఆరాక రబ్బరు మళ్లీ పట్టేస్తుంది. కొబ్బరినూనె మాత్రం రాయొద్దు, అది ఆరదు, పైగా రబ్బరును మెత్తబరుస్తుంది.

ఒక్క జాగ్రత్త: తొడిగిన వెంటనే కుళాయి పూర్తిగా తిప్పితే పైపు ఊడి వచ్చేస్తుంది. క్లిప్పు బిగించి, రాత్రంతా ఆరనివ్వండి. లిక్విడ్ చిక్కగా పూస్తే ఆరడానికి ఇంకా ఆలస్యం.