పాల కేంద్రం నడపడం: కలపక ముందే తేల్చుకోవలసిన లెక్క

పలమనేరు, బంగారుపాళెం వైపు పల్లెల్లో తెల్లవారకముందే నాలుగు లీటర్లు పోసే ఇల్లూ, నలభై లీటర్లు పోసే ఇల్లూ ఒకే పాల కేంద్రం ముందు వరుసలో నిలబడతాయి. అక్కడి నుంచి పాలు వ్యానులో బల్క్ కూలర్‌కూ (పాలను చల్లబరిచే పెద్ద ట్యాంకుకు), ఆపై డెయిరీకీ చేరతాయి. ఈ కేంద్రం బాధ్యతను కొత్తగా తీసుకునేవారు మొదట గ్రహించవలసినది ఒకటుంది: క్యానులో కలిసిన పాలు ఎవరివో చెప్పడం ఎవరి తరమూ కాదు. కనుక పరీక్షలన్నీ కలపక ముందే ముగియాలి.

పాలు రాగానే వాసన చూడండి. అనుమానం కలిగితే పరీక్షనాళికలో 5 మిల్లీలీటర్లు పోసి, మరిగే నీటిలో ఐదు నిమిషాలు ఉంచండి, విరిగితే తీసుకోవద్దు. పులిసినవే కాదు, జున్నుపాలు కలిసినా విరుగుతాయి కాబట్టి, ఆవు ఎప్పుడు ఈనిందో అడిగిన తరువాతే మాట అనడం మర్యాద.

అసలు తగాదాలు పుట్టేది నమూనా దగ్గర. వెన్న పైకి తేలుతుంది గనుక, పైపైన ముంచితే శాతం ఎక్కువగానూ, అడుగు నుంచి తీస్తే తక్కువగానూ కనిపిస్తుంది. అందువల్ల గరిటెతో అడుగు నుంచి పైకి నాలుగైదుసార్లు నిదానంగా కలియబెట్టి నమూనా తీయాలి. గట్టిగా గిలకొడితే నురుగు వస్తుంది, ఆ గాలి బుడగలు పాలను పరీక్షించే మెషీన్‌ను తప్పుదారి పట్టిస్తాయి. వరుస పెద్దదిగా ఉందని ఒకనాడు నేను నురుగుతోనే పెట్టేశాను. ఒక అక్క పాలకు ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాల శాతం) 7.9 చూపింది. ఆమె కదలకుండా నిలబడి, "ఇంకొకసారి చూడు నాయనా" అన్నది. నురుగు తగ్గాక చూస్తే 8.4. ఆవు పాలకు ఆహార భద్రతా ప్రమాణాలు కోరేది కనీసం వెన్న 3.2 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.3 శాతం, అంటే నా తొందర ఆమె మంచి పాలను నీళ్ల పాలుగా లెక్కగట్టింది.

లీటర్లు, వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్, ధర, మొత్తం ఉన్న చీటీని పాలు పోసినవారికి అక్కడికక్కడే ఇవ్వండి. కరెంటు పోయే రోజుల కోసం నోటుపుస్తకంలోనూ అవే అంకెలు రాసుకోండి.

పితికినప్పుడు పాలు ఇంచుమించు 37 డిగ్రీల వేడితో ఉంటాయి. 4 డిగ్రీలకు దిగేదాకా వాటిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతూనే ఉంటాయి. ఒక ఊళ్లో వ్యాను అరగంట ఆగితే తరువాతి ఊళ్ల పాలన్నీ ఆ అరగంటను మోస్తాయి కాబట్టి, ఆలస్యంగా వచ్చినవారి కోసం వ్యానును ఆపవద్దు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

వ్యాను వెళ్లగానే క్యాన్లను మొదట చల్లటి నీటితో కడగండి. ముందే వేడి నీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి గోడలకు అంటుకుపోతాయి. తరువాత వాషింగ్ సోడా కలిపిన వేడి నీటితో తోమి, బోర్లించి, సాయంత్రం పూటకు ఆరనివ్వండి.