క్యామ్ చైన్ టెన్షనర్ విప్పే ముందు ఇవి చూసుకోండి

పిస్టన్ తిప్పే ఇరుసు క్రాంక్; దాని తిరుగుడుతో వాల్వుల్ని నడిపించే గొలుసే క్యామ్ చైన్, అది వదులవకుండా నొక్కిపెట్టేది టెన్షనర్. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి. తాళం జేబులో, బండి న్యూట్రల్‌లో.

అసలు భయపడాల్సింది ఒక్కదానికే. టెన్షనర్ బయట ఉన్నంతసేపూ క్రాంక్ కదలకూడదు. సెల్ఫ్, కిక్ సంగతి అలా ఉంచండి, గేర్‌లో ఉన్న బండిని కాస్త ముందుకు నెట్టినా వదులైన చైన్ ఒక పన్ను దాటేయొచ్చు, అది చూసుకోకుండా స్టార్ట్ చేస్తే వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగిపోయే ప్రమాదం ఉంది. అందుకే ముందే స్పార్క్ ప్లగ్ తీసి, పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ పైభాగానికి తెచ్చి, మాగ్నెట్ (క్రాంక్ చివర ఉండే చక్రం) మీది టి గుర్తు ఇంజిన్ కేసు మీది గీతకి ఎదురుగా వచ్చిందో లేదో చూసుకోండి.

టెన్షనర్ రాచెట్ రకమైతే ప్లంజర్‌ని (చైన్ వైపు నెట్టే కడ్డీని) పూర్తిగా లోపలికి నొక్కాకే బిగించాలి. అది టక్ టక్‌మంటూ బయటికే వస్తుంది, దానంతటది వెనక్కి పోదు. బయటికొచ్చిన ప్లంజర్‌ని బోల్టులతో లాగి బిగించారో, చైన్ తీగలా బిగుసుకుంటుంది (సగం విప్పి "వద్దులే" అని మళ్లీ బిగించినా ఇదే కథ).

పాత గాస్కెట్‌ని స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, అల్యూమినియం మీద గీత పడితే ఆయిల్ కారుతుంది. కొత్త గాస్కెట్ ముందే తెచ్చిపెట్టుకోండి.

సెల్ఫ్ నొక్కే ముందు క్రాంక్‌ని స్పానర్‌తో, మామూలుగా తిరిగే దిశలోనే, రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపేయండి.