ఓడ ఒడ్డు చేరే క్షణం: బొమ్మ ఇటుకలతో నార్స్ దృశ్యాన్ని కట్టే పద్ధతి

బొమ్మ ఇటుకలతో వైకింగుల, అంటే వెయ్యేళ్ల కిందటి నార్స్ (ఉత్తర ఐరోపా) నావికుల, లోకాన్ని కట్టాలని కూర్చున్నప్పుడు చెయ్యి ముందుగా డాళ్ల మీదికి, గొడ్డళ్ల మీదికి, కొమ్ముల శిరస్త్రాణాల మీదికి పోతుంది. వాటినన్నిటినీ ఒక పచ్చని బేస్‌ప్లేట్ (అడుగు పలక) మీద నిలబెట్టి వెనుక ఒక ఓడను పెడితే ఆయుధాల ప్రదర్శన తయారవుతుంది గాని, అక్కడ ఏం జరుగుతోందో చూసేవారికి తెలియదు. అందుకే మొదటి ఇటుక తీయకముందే ఒక క్షణాన్ని నిర్ణయించుకోవాలని నా గట్టి నమ్మకం. ఇంగ్లండ్ తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠం మీద 793లో జరిగిన దాడితో మొదలుపెట్టి 1066 వరకు లెక్కించే వైకింగు కాలంలో, స్కాండినేవియా (నార్వే, స్వీడన్, డెన్మార్క్) జనంలో ఎక్కువమంది సేద్యం చేసుకునేవారు, చేపలు పట్టేవారు, పశువులను కాచుకునేవారు. కాబట్టి నేను ఇక్కడ వివరించే దృశ్యంలో యుద్ధం లేదు. వేసవి చివర, సరుకు అమ్ముకుని తిరిగొచ్చిన ఒక చిన్న ఓడ నార్వే తీరంలోని ఇంటి రేవును చేరుతోంది. ఓడ ముక్కు గులకరాళ్లను అప్పుడే తాకింది, ఒకడు తాడు పట్టుకుని నీళ్లలోకి దూకాడు, పైన ఇంటి గుమ్మంలో ఒక స్త్రీ నిలబడి చూస్తోంది. ఇక మీద ఏ ముక్క ఎక్కడ ఉండాలన్న ప్రశ్న వచ్చినా ఆ క్షణాన్ని తలచుకుంటే జవాబు దొరుకుతుంది.

తరువాత కొలత సంగతి తేల్చుకోవాలి. ఈ బొమ్మ ఇటుకలు చేసే లెగో సంస్థ చిన్న మనిషి బొమ్మ, మినీఫిగర్, ఇప్పుడు మనకు తెలిసిన రూపంలో 1978లో వచ్చింది. జుట్టూ టోపీ లేకుండా దాని ఎత్తు దాదాపు 40 మిల్లీమీటర్లు. దానిని 170 సెంటీమీటర్ల మనిషిగా భావిస్తే మన నమూనా అసలులో సుమారు 42వ వంతు అవుతుంది. ఇటుక మీది ఒక బొడిపె నుంచి పక్క బొడిపెకు 8 మిల్లీమీటర్లు కనుక, అసలు లోకంలోని ఒక మీటరుకు మన నేల మీద మూడు బొడిపెలు అన్నమాట. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు. నార్వేలో 1880లో తవ్వితీసిన గోక్‌స్టాడ్ ఓడ పొడవు 23 మీటర్ల పైచిలుకు. అంటే దాదాపు 70 బొడిపెలు. అందరి దగ్గరా ఉండే పెద్ద బేస్‌ప్లేటుకు ఒక వైపు 48 బొడిపెలే ఉంటాయి. అందువల్ల చాలామంది ఆ ఓడను కుదించి కడతారు, అప్పుడు అందులోని మనుషులు తొట్టిలో కూర్చున్నట్టు కనిపిస్తారు. కుదించడానికి బదులు చిన్న ఓడను ఎంచుకోవడం మంచిది. శత్రువులు లోపలికి రాకుండా డెన్మార్క్‌లోని రోస్కిల్డె జలమార్గంలో 11వ శతాబ్దంలో ముంచేసిన ఓడలను 1962లో పైకి తీశారు. స్కుల్డెలెవ్ ఓడలుగా పేరుపడిన వాటిలో ఒకటి సరుకులు మోసే చిన్న ఓడ. 14 మీటర్ల పొడవు, 3.3 మీటర్ల వెడల్పు. మన లెక్కలో 42 బొడిపెల పొడవు, 10 బొడిపెల వెడల్పు. ఏమాత్రం కుదించకుండా బేస్‌ప్లేటు మీద సరిగ్గా సరిపోయే ఓడ అది.

ఇప్పుడు నేల. నీటికి ఒకటి, ఒడ్డుకు ఒకటి చొప్పున 48 బొడిపెల బేస్‌ప్లేట్లు రెండు తీసుకుని, వాటిని ప్లైవుడ్ పలక మీద గట్టిగా బిగించాలి. బేస్‌ప్లేటు పల్చన, ఎత్తితే వంగుతుంది. ఈ జాగ్రత్త తీసుకోకుండా నేను ఒకసారి పూర్తయిన దృశ్యాన్ని బల్ల మీంచి బల్ల మీదికి మార్చబోతే, రెండు ప్లేట్ల మధ్య అతుకు విడిపోయి ఇంటి గోడ మొత్తం నీళ్ల మీద పడింది. రెండు రోజుల పని పోయింది. అతుకు మీదుగా పొడవాటి ప్లేట్లను (పల్చని ఇటుక ముక్కలను) అడ్డంగా పరవడం కూడా తప్పనిసరి.

నార్వే తీరం ఎలా ఉంటుందో ముందు ఫోటోల్లో బాగా చూడండి. అక్కడి ఫ్యోర్డులలో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలలో) కొండ నేరుగా నీటిలోకి దిగుతుంది. సోగ్నెఫ్యోర్డ్ లోతు 1,300 మీటర్ల దాకా పోతుంది. కనుక ఒడ్డు దాటిన కొద్ది దూరంలోనే నీరు ముదురు రంగులోకి మారిపోవాలి. అడుగున ముదురు నీలం ప్లేట్లు పరిచి, ఒడ్డు వైపు నాలుగైదు బొడిపెల వెడల్పున బూడిద కలిసిన ఆకుపచ్చ, ఆ తరువాత రెండు బొడిపెల మేర లేత గోధుమ రంగు వేయండి. వాటి పైన పారదర్శకమైన టైల్స్ (పైన బొడిపెలు లేని నున్నని ముక్కలు) అన్నీ ఒకే దిశలో పరవాలి. టైల్ కింద బొడిపెలు కనబడతాయని కొందరు బాధపడతారు గాని, పక్క నుంచి వెలుతురు పడినప్పుడు అవే చిన్న అలల్లా మెరుస్తాయి. ఓడ ముక్కు నీటిని చీల్చుకొచ్చిన చోట తెల్లని చిన్న గుండ్రని ప్లేట్లు ఏడెనిమిది చాలు. ఎక్కువైతే నురగ సబ్బు నురగలా కనిపిస్తుంది. గులకరాళ్లకు రెండు రకాల బూడిద రంగుల్లో ఒక్క బొడిపె గుండ్రని ముక్కలు వాడాలి. కొన్నిటిని బిగించకుండా ఊరికే చల్లి వదిలితేనే రేవు సహజంగా ఉంటుంది.

ఓడను బేస్‌ప్లేటు అంచుకు సమాంతరంగా పెట్టకండి. ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకితేనే అది కదులుతున్నట్టు కనిపిస్తుంది. అయితే ఏటవాలుగా పెడితే బొడిపెలు కలవవు కదా అన్న సందేహం వస్తుంది. బడిలో చదువుకున్న 3, 4, 5 త్రిభుజం ఇక్కడ అక్కరకొస్తుంది. ఓడ అడుగున ఒకదానికొకటి సరిగ్గా ఐదు బొడిపెల దూరంలో రెండు గుండ్రని ఒక్క బొడిపె ప్లేట్లు ఉంచి, నేల మీద ఒక వైపు నాలుగు, దానికి అడ్డంగా మూడు బొడిపెలు లెక్కపెట్టి వాటిని కూర్చోబెడితే, ఓడ దాదాపు 37 డిగ్రీల కోణంలో ఏ ముక్కనూ వంచకుండా బిగుసుకుంటుంది. ఆ రెండు ముక్కల కోసం నీటి పైని టైల్స్‌లో రెండు చోట్ల ఖాళీ వదలాలి. పరిచే ముందే వాటిని గుర్తుపెట్టుకోండి.

ఓడను నీటిమట్టం నుంచి పైకి మాత్రమే కట్టండి. మునిగిన భాగం ఎవరికీ కనబడదు. మధ్య 18 బొడిపెల మేర అంచులు దాదాపు నిటారుగా సాగి, అటూ ఇటూ పన్నెండేసి బొడిపెల్లో సన్నబడతాయి. ఈ ఓడలకు ముందు కొస, వెనుక కొస దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కనుక ఒక వైపు చేసినది రెండో వైపు మళ్లీ చేయవచ్చు. సన్నబడే చోట ఏటవాలు అంచు ఉన్న వెడ్జ్ ప్లేట్లు వాడి, పై వరుస కింది వరుస కన్నా ఒక బొడిపె ముందుకు పోయేలా పేర్చుకుంటూ వెళితే ముక్కు దానంతటదే పైకి లేస్తుంది. చివర వంపు తిరిగిన స్లోప్ ముక్కలతో దానిని ముగించాలి.

నార్స్ ఓడకు అసలైన గుర్తు డ్రాగన్ తల కాదు, పలకలు. ఒక పలక అంచు మీదికి మరో పలక అంచు ఎక్కేలా పరిచి, ఇనుప మేకులు కొట్టి బిగించేవారు. దీనిని ఇటుకల్లో చూపించడానికి మధ్యలో ఒకే బొడిపె ఉండే జంపర్ ప్లేట్లను మించిన సాధనం నాకు కనబడలేదు. ఒక వరుస ఎర్ర గోధుమ రంగు ప్లేట్లు వేసి, దాని మీద జంపర్లు పెట్టి, పై వరుసను అర బొడిపె, అంటే 4 మిల్లీమీటర్లు, బయటికి జరపండి. ప్లేటు మందం 3.2 మిల్లీమీటర్లే గనుక అలాంటి వరుసలు మూడు నాలుగు వచ్చినా ఓడ అంచు ఎత్తు పెరిగిపోదు. పూర్తయ్యాక కంటిని బల్ల మట్టానికి దించి, దీపాన్ని ఒక పక్కన పెట్టి చూడండి. ప్రతి పలక కింద సన్నని నీడ గీత ఒకటి ముక్కు నుంచి వెనుక కొస దాకా సాగుతుంది. రంగులు ఎన్ని మార్చినా ఆ నీడ ఇచ్చే నిజాన్ని ఇవ్వలేవు. ఈ పని కోసం కనీసం ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి.

మన ఓడ సరుకు ఓడ కాబట్టి అంచున డాళ్ల వరుస అవసరం లేదు. గోక్‌స్టాడ్ ఓడకు ఒక్కో వైపు 32 డాళ్లు, పసుపు, నలుపు మార్చి మార్చి ఉండేవి; అంత సొగసును వదలలేమనుకునేవారు యుద్ధనౌకను విడిగా కట్టుకోవాలి. ఇక్కడ ముందూ వెనుకా చిన్న అట్టాలు (డెక్కులు) వేసి, మధ్యను సరుకు కోసం ఖాళీగా ఉంచాలి. పీపాలు రెండు, అమ్ముడుపోక మిగిలిన నార్వే సానరాళ్ల కట్ట అనిపించేలా బూడిద రంగు పొడవాటి బార్లు కొన్ని, సబ్బురాతి కుండలుగా ముదురు బూడిద గిన్నెలు అందులో సర్దండి. చుక్కాని తెడ్డు వెనుక కుడి వైపు అంచుకు ఉండాలి, మధ్యలో కాదు. తెరచాపను విప్పి నిలబెట్టకండి. ఒడ్డు చేరుతున్న ఓడలో చాప దించి ఉంటుంది కాబట్టి, అడ్డకొయ్యకు చుట్టిన చాపగా లేత రంగు గుండ్రని ఇటుకలను వరుసగా కూర్చి ఓడ పొడవునా పడుకోబెడితే సరిపోతుంది.

డ్రాగన్ తల పెట్టాలన్న కోరిక చాలామందికి ఉంటుంది, నాకూ ఉంది. ఐస్‌లాండ్ తొలి చట్టాన్ని గురించి మధ్యయుగపు రాతల్లో ఒక చక్కని మాట ఉంది: నేలను కాచే శక్తులు బెదరకుండా, తీరం కనబడకముందే ఓడ ముక్కున ఉన్న భీకరమైన తలను తీసేయాలట. కాబట్టి తలను క్లిప్పుతో ఊడదీయగలిగేలా కట్టి, దానిని ముక్కున కాకుండా అట్టం మీద పీపా పక్కన పడుకోబెట్టండి. సొంత ఊరికి వచ్చారని ఆ ఒక్క వస్తువు చెబుతుంది.

ఇంటి దగ్గర ఆశను అదుపులో పెట్టుకోవాలి. లోఫోటెన్ దీవుల్లో బోర్గ్ అనే చోట బయటపడిన నాయకుడి ఇంటి పొడవు 83 మీటర్లు; మన కొలతలో అది దాదాపు రెండు మీటర్ల నమూనా అవుతుంది. ఇంటి ఒక కొసను మాత్రం 24 బొడిపెల మేర కట్టి, మిగతాది బేస్‌ప్లేటు అంచు దగ్గర కోసినట్టు తెరిచి ఉంచడమే ఉత్తమం. ఆ తెరిచిన వైపు నుంచి లోపల నేల మధ్యన పొయ్యి, రెండు గోడల వెంట వెడల్పాటి అరుగులు, గోడకు ఆనించిన నిలువు మగ్గం కనబడతాయి. పొగగొట్టం పెట్టకండి, పొగ కప్పులోని కంత గుండా పోయేది. పొడుగు గోడలు మధ్యలో కొద్దిగా ఉబ్బి ఉండేవి కాబట్టి, గోడను ఎనిమిదేసి బొడిపెల ముక్కలుగా కట్టి, మధ్య హింజ్ (మడత) ఇటుకలు పెట్టి కొంచెం వంచాలి. కప్పు మీద పచ్చికకు మూడు రకాల ఆకుపచ్చ ప్లేట్లను అంచులు సమంగా లేకుండా పరవండి, చూరు దగ్గర గోధుమ రంగు మట్టి తొంగిచూడాలి.

ఇక మనుషులు. కొమ్ముల శిరస్త్రాణాలను పెట్టెలోనే ఉంచేయండి. వైకింగు కాలానికి చెందినదిగా నార్వేలో గెర్ముండ్‌బూ అనే చోట 1943లో దొరికిన శిరస్త్రాణానికి కొమ్ములు లేవు, కళ్లచుట్టూ కళ్లజోడు లాంటి ఇనుప చట్రం మాత్రమే ఉంది. కొమ్ములు జనంలో పాతుకుపోయింది 19వ శతాబ్దపు రంగస్థల దుస్తుల వల్ల. అయినా ఈ దృశ్యంలో శిరస్త్రాణమే అక్కర్లేదు. పనిచేసే మనుషులకు జుట్టు, టోపీ, తలగుడ్డ చాలు. ఏడెనిమిది మందిని మించి పెట్టకండి. ప్రతి ఒక్కరికీ ఒక పని ఇవ్వండి: చుక్కాని పట్టినవాడు, తెడ్డును లోపలికి లాగుతున్నవాడు, చేపలు ఆరబెట్టే కొయ్యల దగ్గర తల తిప్పి చూస్తున్న ముసలాయన, పరుగెత్తుకొస్తున్న పిల్లవాడు.

మినీఫిగర్ చేయి ముందుకీ వెనక్కీ తప్ప పక్కకు కదలదు. అందువల్ల భావమంతా తల తిప్పడంలోనూ, ఒంటిని వంచి నిలబెట్టడంలోనూ ఉంటుంది. నీళ్లలోకి దూకినవాడిని నడుము దగ్గర విడదీసి, పై భాగాన్ని మాత్రమే టైల్స్ మధ్య ఇందుకోసం వేరుగా వదిలిన ఖాళీలో నిలబెడితే నడుము లోతు నీళ్లలో ఉన్నట్టు కనిపిస్తాడు. పరుగెత్తే పిల్లవాడిని ఒక చిన్న హింజ్ ప్లేటు మీద బిగించి ముందుకు వంచాలి. గుమ్మంలోని స్త్రీ చేతికి కత్తి ఇవ్వకండి, తాళంచెవి ఇవ్వండి. ఇంటి పెత్తనానికి గుర్తుగా తాళంచెవులు ధరించిన స్త్రీల సమాధులు ఆ కాలానివి దొరికాయి. ఆమె ముఖం ఓడ వైపు కాకుండా, ఓడలోని ఒక్క మనిషి వైపు ఉండేలా తలను కొద్ది కొద్దిగా తిప్పుతూ సరిచూసుకోండి.

బాట పక్కన ఒక రూన్ శిలకు (నార్స్ జనం తమ పాత లిపి, రూన్ అక్షరాలు, చెక్కి నిలబెట్టిన రాయికి) చోటు మిగిలితే బాగుంటుంది. ఈ ఇటుకల పుట్టినిల్లయిన డెన్మార్క్‌లోని బిలుండ్‌కు దగ్గరలోనే యెల్లింగ్ అనే ఊరు ఉంది, డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్ 10వ శతాబ్దంలో నిలబెట్టించిన పెద్ద శిల అక్కడిదే. రూన్ శిలలకు రంగులు వేసేవారు కనుక, బూడిద స్లోపుల మధ్య సందుల్లోంచి ఎర్రని ప్లేటు అంచు సన్నగా కనబడేలా పేర్చితే చెక్కిన గీతల భ్రమ కలుగుతుంది.

అన్నీ కుదిరాక చివరగా తాడు. ముదురు గోధుమ రంగు నూలు దారాన్ని రెండు పేటలుగా పురి పెట్టి, ఒక కొసను ఓడ ముక్కు లోపలి క్లిప్పుకు ముడివేసి, రెండో కొసను నీళ్లలోని మనిషి రెండు చేతుల గుండా పోనిచ్చి, ఒడ్డున ఉన్న కొయ్యకు ఒక చుట్టు వదులుగా వేయండి. మనిషికీ ఓడకూ మధ్య దారం బిగువుగా ఉండాలి, మనిషికీ కొయ్యకూ మధ్య నీటిని తాకేంత సడలి ఉండాలి.