ఫ్రాంక్లిన్ ఇంటి చీలికను గంట నాటికగా రాయాలంటే

అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద బెంజమిన్ ఫ్రాంక్లిన్ సంతకం పెట్టే నాటికి ఆయన కొడుకు విలియం ఖైదులో ఉన్నాడు. విలియం బ్రిటిష్ రాజు నియమించిన న్యూజెర్సీ గవర్నరు. కథ ఇంత సిద్ధంగా చేతికందుతుంది కాబట్టే పాడుచెయ్యడం తేలిక. మొదటి రంగంలోనే ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరిచేత స్వేచ్ఛ గురించీ ఇంకొకరిచేత రాజభక్తి గురించీ ఉపన్యాసాలు ఇప్పిస్తే ప్రేక్షకులు టీకి లేచిపోతారు. ఈ ఇంటి గొడవ ఉద్యోగం దగ్గర మొదలై అప్పు లెక్క దగ్గర తేలింది. నాటికను ఆ దారినే నడపండి.

ముందు ఒక నోటుబుక్కులో మూడు గళ్ళు గియ్యండి: ఏం జరిగింది, ఆ రోజు ఎవరెక్కడున్నారు, ఆ కబురు రెండో మనిషికి ఎప్పుడందింది. మూడో గడే ముఖ్యం. ఆ రోజుల్లో లండన్ నుంచి అమెరికాకు ఉత్తరం చేరాలంటే సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఫ్రాంక్లిన్ ఉత్తరాలు ఫౌండర్స్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైటులో ఉచితంగా చదువుకోవచ్చు. కానీ వాటిని తేదీల వరసలో చదివి సంభాషణ అల్లేస్తే, తండ్రి ఇంకా చూడని ఉత్తరానికి తండ్రి చేతే జవాబు చెప్పించిన వాళ్ళవుతారు. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

గడి నింపడం ఎలాగో చూడండి. 1774 జనవరి 29న లండన్‌లో రాజుగారి సలహా మండలి అయిన ప్రివీ కౌన్సిల్ ముందు వెడర్‌బర్న్ అనే ప్రభుత్వ న్యాయవాది బెంజమిన్‌ను నిలువునా కడిగేశాడు. ఆయన నోరు మెదపకుండా నిలబడ్డాడు. రెండ్రోజుల్లో తపాలా శాఖ ఉద్యోగం పోయింది. ఫిబ్రవరి 2న కొడుక్కు రాస్తూ, నువ్వు నీ పొలంలో స్థిరపడితే బాగుండును, అది ఇంతకన్నా నిజాయితీ గల పని అన్నాడు. రాజీనామా చెయ్యి అని తిన్నగా అనలేదు. కొడుకు చెయ్యనూ లేదు. పన్నెండేళ్ళ కిందట ఆ గవర్నరు పదవి వచ్చినప్పుడు పొంగిపోయిన తండ్రే ఇప్పుడు దాన్ని వదిలెయ్యమని సూచిస్తున్నాడు. విలియం వైపు నుంచి చూస్తే, ఉద్యోగం పోయింది తండ్రికి, తనకు కాదు. నాటికకు మూలకందం ఈ ఉత్తరమే. రెండు నిమిషాలకు మించకుండా, తండ్రి రాస్తున్నట్టు కాకుండా కొడుకు చదువుతున్నట్టు పెట్టండి.

రెండో రంగానికి ఓడ. 1774 డిసెంబరులో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ భార్య డెబోరా చనిపోయింది. భర్త లండన్‌లో ఉన్నాడు. అంత్యక్రియలకు వెళ్ళింది విలియమే, ఆమె మీ కోసం ఎదురుచూసి నిరాశపడిందని తండ్రికి రాసిందీ విలియమే. మరుసటి మార్చిలో బెంజమిన్ ఓడెక్కి, బ్రిటన్‌కూ అమెరికా కాలనీలకూ మధ్య లండన్‌లో రాజీ బేరాలు ఎలా చెడిపోయాయో వివరిస్తూ పొడుగాటి ఉత్తరం రాశాడు. మొదలుపెట్టింది మార్చి 22న, సంబోధన కొడుక్కే. ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్‌లలో తుపాకులు పేలి యుద్ధం మొదలైంది. మే 5న ఓడ దిగేదాకా ఆ సంగతి ఆయనకు తెలియదు. రంగస్థలం ఒక పక్క దీపం కింద ఆయన రాసుకుంటుంటే, రెండో పక్క చీకట్లో తుపాకుల మోత వినిపిస్తే చాలు, మాటలు అక్కర్లేదు.

మూడోది ట్రెవోజ్ అనే ఇల్లు. 1775లో పెన్సిల్వేనియాలో, బెంజమిన్ పాత మిత్రుడు జోసెఫ్ గాలోవేకున్న ఆ ఇంట్లో తండ్రీకొడుకులు కలిశారు. మనవాళ్ళ చెయ్యి ఇక్కడ ఊరుకోదు, రాయబారం రంగం రాసి, పాడగలిగే నటుడుంటే నాలుగు పద్యాలు కూడా తగిలిస్తారు. అంత వద్దు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఎవరూ అప్పటికప్పుడు రాసుకోలేదు. గాలోవే తర్వాత చెప్పగా మసాచుసెట్స్ మాజీ గవర్నరు థామస్ హచిన్సన్ డైరీకెక్కిన కాస్త మాత్రం ఉంది: గ్లాసులు బాగానే తిరిగాక బెంజమిన్ తాను స్వాతంత్ర్యం వైపని తేల్చేశాడట. మిగతా సంభాషణ మీ కల్పన. దానికి చారిత్రక ఉత్తరాల వాక్యాలు తగిలించి నిజంలా కనిపించేట్టు చెయ్యకండి.

విలియం భార్య ఎలిజబెత్ పాత్రను కోసెయ్యకండి, నాటికకు వెన్నెముక ఆమె. 1776 జూన్‌లో తిరుగుబాటు పక్షం వాళ్ళు భర్తను అరెస్టు చేసి కనెక్టికట్ తీసుకెళ్ళారు. ఆమె పెర్త్ ఆంబోయ్‌లో ఒంటరిగా మిగిలింది. మామగారు అరవై డాలర్లు పంపాడు. ఆమె కృతజ్ఞత చెబుతూ, భర్తను విడిపించమని ప్రాధేయపడింది. ఆ సెప్టెంబరులో మనవడు టెంపుల్, ఆమె ఉత్తరాన్ని కనెక్టికట్ పట్టుకెళతానంటే తాత వద్దన్నాడు. వచ్చే నెల ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని ఫ్రాన్స్‌కు ఓడెక్కాడు. 1777 జులైలో ఆమె న్యూయార్క్‌లో చనిపోయింది. చివరి చూపుకు విలియంను పంపడానికి అమెరికా కాంగ్రెస్ ఒప్పుకోలేదు.

అప్పటికి అతను లిచ్‌ఫీల్డ్ జైల్లో ఏకాంత ఖైదులో ఉన్నాడు. ఎందుకని? పెరోల్ మీద తిరిగే రోజుల్లో బ్రిటిష్ వాళ్ళ తరఫున క్షమాభిక్ష పత్రాలు పంచాడు కాబట్టి. ఇది దాచి అతణ్ణి ఏ పాపం ఎరగని బాధితుడిగా చూపిస్తే నాటిక ఒరిగిపోతుంది. విడుదలయ్యాక రాజపక్షీయుల బోర్డుకు నాయకత్వం వహించాడు. 1782 ఏప్రిల్‌లో జాషువా హడ్డీ అనే కెప్టెన్‌ను ఆ పక్షం వాళ్ళే ఉరితీశారు. అలాగని దేశద్రోహి అనే మాట కూడా రచయిత నోట రాకూడదు, ఎదుటి పాత్ర అంటే అననివ్వండి.

ఇక భాష. ఇంగ్లీషులో అందరికీ ఒకటే పిలుపు, తెలుగులో నువ్వా, మీరా అన్నది ప్రతి వాక్యంలోనూ తేల్చుకోవాలి. కొడుకు ఉత్తరం ‘పూజ్యులైన నాన్నగారికి’ అని మొదలవ్వాలి, ‘మీరు’ చివరిదాకా చెదరకూడదు. తండ్రిది ‘చిరంజీవి విలియంకు’. చిక్కొచ్చేది 1784 ఆగస్టు 16 నాటి ఉత్తరంతో. ముసలితనంలో ఒక్కగానొక్క కొడుకు నన్ను వదిలెయ్యడమే కాక నా మీదే ఆయుధం పట్టాడు, ఇంతగా నన్ను బాధపెట్టింది ఇంకేదీ లేదు అంటాడు బెంజమిన్. కోపం చూపించాలని ఇక్కడ ‘మీరు’లోకి మారాలనిపిస్తుంది. మారకండి. మూలంలో సంబోధన ఇంకా ప్రియమైన కొడుకనే ఉంది. నువ్వు అంటూనే అన్నాడు కాబట్టే ఆ వాక్యం అంత లోతుగా దిగుతుంది.

చివరి రంగం 1785 జులై, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్, స్టార్ సత్రం. తండ్రికి 79 ఏళ్ళు, మూత్రాశయంలో రాయి ఉంది. కాబట్టి కూర్చోబెట్టండి, అటూ ఇటూ నడిపించకండి. విలియంకు సుమారు 55, టెంపుల్‌కు 25, మేకప్ వాళ్ళకు ఇది ముందే చెప్పాలి. (బెంజమిన్ ఉరుముల వానలో చేసిన గాలిపటం ప్రయోగం బొమ్మల్లో విలియంను పసివాడిగా గీస్తారు. 1752లో అతనికి ఇరవై దాటాయి, జ్ఞాపకం రంగం పెడితే ఆ పొరపాటు చెయ్యకండి.) బల్ల మీద కలం, సిరా, పత్రాలు. న్యూజెర్సీ పొలాన్ని విలియం తన కొడుకు టెంపుల్‌కే, కొన్న ధరకన్నా తక్కువకు అమ్మాలి. ఆ డబ్బులోంచి ఏళ్ళ తరబడి తండ్రికున్న బాకీ మినహాయింపు. ఈ బాకీ గురించి మొదటి రంగంలోనే ఒక మాట పడెయ్యకపోతే ఇక్కడ ప్రేక్షకుడికి ఏమీ అర్థంకాదు.

బెంజమిన్ వీలునామా చదివి తెర దించాలనిపిస్తుంది, అందులో మాట పదునుగా ఉంది కాబట్టి. కానీ ఆ రంగంలో కొడుకు ఉండడు, వకీలు గొంతే మిగులుతుంది. సత్రంలోనే ముగించండి. ఆ సౌతాంప్టన్ మజిలీలోనే బెంజమిన్ వేడి ఉప్పునీటి స్నానానికి వెళ్ళి, వెల్లకిలా తేలుతూ గడియారం ప్రకారం దాదాపు గంటసేపు నిద్రపోయానని తన దినచర్యలో రాసుకున్నాడు. సంతకాలు అయ్యాక, సిరా ఆరకముందే, ఆ మాట ఆయన చేత మామూలు గొంతుతో టెంపుల్‌కు చెప్పించండి. విలియం విననట్టు కాగితాలు మడుస్తుండగా దీపాలు తగ్గించండి.