పేరొచ్చిన ర్యాపర్ సొంత బస్తీలో ఓపెన్ మైక్ పెట్టాలంటే

ర్యాప్‌తో కాస్త పేరు, నాలుగు డబ్బులు వచ్చాక పెరిగిన చోటుకి ఏదైనా చేయాలనుందా? స్టూడియో సంగతి తర్వాత. ముందు వారం వారం ఒకే వేళకి పిల్లలకో ఓపెన్ మైక్, అంటే ఎవరైనా వచ్చి పాడగలిగే మైకు పెట్టండి. అమెరికాలో పేరున్న చాన్స్ ద ర్యాపర్ ఎదిగింది షికాగోలో అలాంటి మైకు ముందే. హెరాల్డ్ వాషింగ్టన్ లైబ్రరీలోని యూమీడియాలో హైస్కూల్ పిల్లలకి రికార్డింగ్ సామాను, వేదిక ఉచితం. బ్రదర్ మైక్‌గా అందరూ పిలుచుకున్న మైక్ హాకిన్స్ అక్కడ గురువు. 2014లో ఆయన పోయాక, ఆయన జ్ఞాపకంగా చాన్స్ హైస్కూల్ పిల్లల కోసం ఓపెన్ మైక్ నడిపాడు. 2017లో అక్కడి ప్రభుత్వ బడులకి అతనిచ్చిన పది లక్షల డాలర్లు మనందరివల్లా కాదు. మైకు పెట్టడం అవుతుంది.

కమ్యూనిటీ హాలు, 15-20 మంది పిల్లలు, రెండు గంటలు చాలు. మొదటి గంట రాత, రెండో గంట మైకు. 12 అంగుళాల పవర్డ్ స్పీకరు (ఆంప్లిఫయరు లోపలే ఉండేది) ఒకటి, వైరున్న డైనమిక్ మైకులు (స్టేజీ మీద వాడే మామూలు రకం) రెండు తీసుకోండి. చవక వైర్‌లెస్ మైకుల్లో మాట మధ్యమధ్యలో తెగిపోతుంది. స్పీకరు పాడేవాళ్ల కన్నా ముందుండి, జనం వైపు తిరగాలి. వెనకుంటే కూత పెడుతుంది. మైకు జాలీని గుప్పిట్లో మూసినా అంతే, పైగా మాట ముద్దవుతుంది. బీటు (పాట వెనక వచ్చే తాళం) వేసే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. బీటు సౌండ్ గొంతు కన్నా తక్కువుండాలి, లేకపోతే పిల్లలు అరుస్తారు, లయ తప్పుతారు.

రాతకి 90 బీపీఎం, అంటే నిమిషానికి 90 దెబ్బల బీటు మంచిది. బార్‌కి, అంటే తాళంలో ఒక్కో చుట్టుకి నాలుగు దెబ్బలు, దాదాపు 2.7 సెకన్లు. తొలిరోజే 16 బార్లు అడగొద్దు, నాలుగు చాలు. బార్‌కి 8 నుంచి 12 అక్షరాలు రాయించండి. అంతకు మించితే కొత్తవాళ్లకి ఊపిరి అందదు. తెలుగులో క్రియ చివర్న వస్తుంది కాబట్టి 'వస్తున్నా, చూస్తున్నా' అంటూ ప్రాస ఇట్టే కుదురుతుంది, అంతే త్వరగా విసుగూ పుట్టిస్తుంది. అందుకే బార్ చివర పేరో, వీధో, వస్తువో పెట్టించండి. పద్యంలోలాగా రెండో అక్షరం ప్రాస కూడా వేయిస్తే బార్ మొదలే బిగుస్తుంది. యాసని మాత్రం దిద్దొద్దు. ఇంట్లో మాట్లాడే మాటే బీటు మీద నిలుస్తుంది.

చీటీలు తీసి వరస నిర్ణయించండి, మనిషికి రెండు నిమిషాలు. మీ పాట చివర్న ఒక్కటే. ముందు పాడితే అందరూ మిమ్మల్నే అనుకరిస్తారు. అమ్మానాన్నలు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఏ పిల్లాడి వీడియో పెట్టకండి. నెట్‌లో ఉచితమని పెట్టిన బీట్లలో చాలావాటికి పాట విడుదల చేయాలంటే లైసెన్సు కొనాలి, ఆ సంగతి పిల్లలకి ముందే చెప్పండి.

ఇలాంటివి ఆగిపోయేది ఎక్కువగా మీ షోలు మొదలై మీకు తీరిక లేకపోయాకే. ఆ బస్తీలోనే ఉండే ఒకరికి మొదటి నెల నుంచే పని నేర్పి, నెలనెలా జీతమిచ్చి, హాలు తాళం కూడా వాళ్ల చేతికే ఇవ్వండి.